చెరో గట్టు

అంబాజీపేట,
ఫిబ్రవరి 25.

బావగారు సత్తిరాజు గారికి,

నమస్కారం పెట్టాలి కనుక పెడుతున్నాను.

1984 మార్చి 11, ఆదివారం, తెల్లవారేసరికి గాలం పట్టుకుని పెద్దచెరువు గట్టు మీద ఉంటానని మీరు మాట ఇచ్చారు. వాన వచ్చింది. మీరు రాలేదు. ఆ సాయంత్రమే మీతో ఇక మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను. నలభై రెండేళ్లుగా తప్పలేదు. మా చెల్లెల్ని చూడడానికి మీ ఇంటికి వచ్చినా ముఖానికి పేపరు అడ్డం పెట్టుకునే కూర్చున్నాను. అయితే ఉత్తరం రాయనని ఒట్టు పెట్టుకోలేదు. ఈ వెసులుబాటు నాకు నిన్ననే తోచింది.

సంగతి ఏమిటంటే, పెద్దచెరువు ఆసామి దొరబాబు దాన్ని రొయ్యలకు ఇచ్చేస్తున్నాడు. మార్చి నెలాఖరుకు మంచినీళ్లు తోడించి ఉప్పునీళ్లు పెట్టిస్తాడట. అంటే అందులో మనం గాలం వేయగలిగిన ఆఖరి వసంతం ఇదే. మీరు ఎగ్గొట్టిన ఆదివారం ఒకటి ఉంది. వచ్చి తీర్చండి.

మబ్బు పట్టిన రోజు చూసి రండి. ఎండకాస్తే కొర్రమీను తుంగలోంచి బయటికి రాదు. గట్టు మీద మాట్లాడుకోనక్కర్లేదు. చేపలు పట్టేవాళ్లు నోరెత్తకూడదని నేను చదివిన ప్రతి పుస్తకంలోనూ ఉంది. మనిద్దరికీ సరిపోయే పని ప్రపంచంలో ఇదొక్కటే మిగిలింది.

ఇట్లు,
మాట మీద నిలబడే
మాణిక్యాలరావు.

తా.క. ఎర మీరే తెచ్చుకోండి. ఆ రోజు మీ కోసం కూడా తవ్వి ఉంచిన వానపాములు ఇప్పటికి ఉండవు.


ఆలమూరు,
మార్చి 9.

బావా,

ఒంట్లో బాగుందనుకుంటాను. కోపం బాగానే ఉన్నట్టుంది.

మొన్న శనివారం తెల్లారేసరికి ఇక్కడ ఆకాశం నల్లగా ఉంది. బుట్టా గాలం పట్టుకుని, రావులపాలెంలో బస్సు మారి, మీ ఊళ్లో దిగేసరికి ఎండ ఫెళ్లున కాస్తోంది. చెరువు దగ్గర నువ్వు లేవు. తిరిగి మీ వీధిలోంచే నడిచేను. నువ్వు అరుగు మీద పుస్తకం చదువుకుంటున్నావు. పలకరిద్దామనుకున్నాను. కానీ నీ పక్కనే పేపరు కూడా ఉంది. వచ్చేసేను.

ఇంకో మాట. ఆ 1984 ఆదివారం మాట తప్పింది నువ్వు. నేను వచ్చేను. సాయంత్రం దాకా తడిసి వారం రోజులు జ్వరంతో పడుకున్నాను. నువ్వు కోపిష్టివి కదా అని ఇన్నేళ్లూ ఊరుకున్నాను.

ఉంటాను,
మీ చెల్లెలి మొగుడు
సత్తిరాజు.

తా.క. అక్కడ మబ్బుందో లేదో మీ అన్నయ్యని ఫోనులో అడగమని వీరలక్ష్మితో అంటే, "మీ ఇద్దరికీ నేను వాతావరణ కేంద్రం పెట్టలేదండీ" అంది.


అంబాజీపేట,
మార్చి 14.

బావగారికి,

ఆలమూరు మబ్బుకు అంబాజీపేటలో పూచీ ఎవరు? శనివారం ఇక్కడి ఎండలో గాలం వేసేవాడికి చేపకున్న తెలివి కూడా లేనట్టే. అందుకే ఇంట్లో ఉన్నాను.

1984 గురించి మీరు రాసింది చదివాను. పొద్దున్నుంచి చీకటి పడేదాకా నేను అక్కడే ఉన్నాను. మీరు ఉంటే కనిపించేవారు. చరిత్రను తిరగరాయించుకున్న రాజుల గురించి చాలా చదివాను. వాళ్లు కనీసం యుద్ధానికి వెళ్లారు.

ఇక మబ్బుతో పని లేదు. మార్చి 22, ఆదివారం, ఎండైనా వానైనా రండి. ఇప్పుడు దక్షిణపు గాలి కాబట్టి ఉత్తరపు గట్టున ఉంటాను. గాలి తిరిగితే ఏం చేయాలో మీకు నేర్పింది నేనే. గాలి ఎటు తోస్తే మేత అటు చేరుతుంది, మేత ఉన్న గట్టుకు చేప వస్తుంది.

25న మోటార్లు వస్తున్నాయి. ఇంకో ఆదివారం లేదు.

ఇట్లు,
మాణిక్యాలరావు.

తా.క. నల్ల గొడుగు తెచ్చుకోండి. రంగు గొడుగులకు చేపలు బెదురుతాయి. నేనూ బెదురుతాను.


ఆలమూరు,
మార్చి 23.

బావా,

తిట్టడానికే కూర్చున్నాను, కానీ ముందు జరిగింది చెప్తాను.

నిన్న ఆరింటికల్లా నువ్వు రాసినట్టే ఉత్తరపు గట్టున కూర్చున్నాను. వీరలక్ష్మి అన్నం క్యారేజీతో వచ్చి, ఎత్తుగా ఉన్న రోడ్డు పక్క షెడ్డులో కూర్చుంది. ఎనిమిదైనా నువ్వు రాలేదు. అప్పుడు చూస్తే గాలి ఉత్తరం నుంచి కొడుతోంది. సూత్రం ప్రకారం బావ దక్షిణపు గట్టున ఉంటాడని తూర్పు గట్టు మీదుగా అటు నడిచేను. అక్కడా లేవు. ఇంతలో జల్లు పడి గాలి తిరిగింది. అయితే ఉత్తరానికి వెళ్లుంటాడని మళ్లీ బయల్దేరేను. ఆ జల్లులో, నిలువెత్తు తుంగలో నాకేం కనపడుతుంది? సాయంత్రం దాకా ఇలా మూడు చుట్లు. ఒక జెల్ల పడింది.

మీ అన్నయ్య మళ్లీ మోసం చేసేడని బస్సులో వీరలక్ష్మితో అన్నాను. ఆవిడ నా వైపు వింతగా చూసింది.

"అదేంటండీ, అన్నయ్య పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు కదా. మీరు తూర్పు గట్టు మీదుగా ఇటొస్తే, తను పడమటి గట్టు మీదుగా అటెళ్లేడు. ఒట్టు కదా, కావాలనే ఎదురుపడకుండా తిరుగుతున్నారనుకున్నాను" అంది.

అప్పట్నుంచి నాకు ఒకటే ఆలోచన. 1984లో కూడా వాన పడింది. గాలి తిరిగిందా? నీకు డైరీ రాసే అలవాటుంది. చూసి రాయి. తప్పెవరిదో తేలిపోతుంది.

ఉంటాను,
సత్తిరాజు.

తా.క. వీరలక్ష్మి జెల్ల పులుసు పెట్టింది. ఒక్క జెల్లకి అంత పులుసెందుకంటే, "ఇద్దరూ కలిసి వస్తారని పొద్దున్నే చింతపండు నానబెట్టేనండీ" అంది.


అంబాజీపేట,
మార్చి 30.

ఒరేయ్ సత్తీ,

బడిలో పిలిచినట్టే పిలుస్తున్నాను. ఈ వయసులో కొత్త పిలుపులు నేర్చుకోలేను.

మోటార్లు చెప్పిన రోజుకే వచ్చాయి. మూడు రోజులు తోడారు. నిన్న ఉప్పునీళ్లు వదిలితే అడుగున మిగిలిన చేపలు పైకి వచ్చి నోళ్లు తెరిచాయి. నేను కొర్రమీనును అంత దగ్గరగా చూడడం అదే మొదలు. గాలం తీసుకెళ్లలేదు.

22న తెల్లవారేసరికి ఉత్తరపు గాలి కనుక నేను దక్షిణపు గట్టున కూర్చున్నాను, ఆ తర్వాత నువ్వు ఇటు వెతికితే నేను అటు వెతికాను. డైరీ తీశాను. 'సత్తి రాలేదు' అని ఎర్ర సిరాతో ఉంది. ఏటా మార్చిలో ఆ ఒక్క వాక్యం తీసి చదువుకునేవాడిని. ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ రెండేసి సార్లు చదివాను గాని, సొంత డైరీలో దాని పై వాక్యాలు మాత్రం ఎప్పుడూ చదవలేదు. నిన్న చదివాను. 'ఉదయం తూర్పు గాలి, పడమటి గట్టున కూర్చున్నాను. తొమ్మిదింటికి జల్లు. గాలి తిరిగింది. తూర్పు గట్టుకు మారాను. అవతల ఎవడో తడుస్తూ కూర్చున్నాడు. సత్తి అయితే కేక వేసేవాడు.'

నువ్వు వేయవు. గట్టు మీద నోరెత్తకూడదని నీకు చెప్పింది నేను. నేనైనా వేయాలి. చేపలు బెదురుతాయని వేయలేదు. ఆ రోజు నాకు ఒక్క చేపా పడలేదు, అది కూడా డైరీలో ఉంది.

నిన్న సాయంత్రం నీకొక ఫోను వచ్చి, నువ్వు రెండుసార్లు హలో అన్నాక ఆగిపోయింది కదా. అది రాంగు నంబరు కాదు. నీ గొంతు ముసలిదైపోయింది. అది విని పెట్టేశాను.

తప్పెవరిదో తేలిపోతుందన్నావు. తేలింది. నువ్వు పోనీలే బావా అంటావు, వీరలక్ష్మి కూడా అంటుంది. నేను మాత్రం అనలేను. తప్పు చేసినవాడి పేరు కింద ఉంది.

ఇట్లు,
మాణిక్యాలరావు.