మూడు నెలలు చిన్నవాడైన అన్నకు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ బీమా సంగతి తేల్చడానికి మద్రాసు నుంచి ఆఫీసరొచ్చాడు. అక్కడ కొత్త యంత్రం పెట్టారట. చిల్లులు పొడిచిన అట్టముక్కలు వేస్తే, ఒకే ఇంటివాళ్ల బీమాలను పక్కపక్కన చేరుస్తుందట. నీదీ నాదీ చేర్చిన దాని లెక్కలో, నేను పుట్టిన మూడు నెలలకు అదే తల్లికి నువ్వు పుట్టావు!

వయసు తక్కువైతే బీమా కిస్తు తగ్గుతుందని ఏజెంటుతో నువ్వే కదా అన్నావు: "కరువులో పుట్టినోనికి తేదీ యాడిదప్పా? తక్కువేసి రాసుకో."

"మీలో ఎవరు పెద్ద?" అని ఆఫీసరు నన్నడిగాడు. నీ వయసు అబద్ధమైతే వదినకు బీమా రాదన్నాడు. తలుపు చాటు నుంచి వదిన నాకు చేతులు జోడించింది.

"పెద్దోన్ని చెప్తాండా, ఇనురా" అంటూ నువ్వు నన్ను చెప్పుతో కొట్టిన రోజులు గుర్తొచ్చాయి.

నువ్వు బతికుండగా నేను ఒక్కనాడూ ఒప్పుకోని మాట, ఇవాళ వినయంగా చెప్పాను.

"మా అన్నే పెద్దోడు సార్. ఐదేండ్లు పెద్దోడు."