మెట్ల మీద దగ్గు

అమ్మడూ, నాన్న దీవెనలు. నా సంతోషం ఈ కార్డులో పట్టదు. పోయిన నెల నీ బుజ్జిదాన్ని చూద్దామని వచ్చి, మీ ఇంటి మెట్లెక్కుతూ దగ్గు ఆగక రెండో అంతస్తు నుంచే తిరిగి వెళ్ళిపోయాను కదా. నేను అలిగానని నువ్వు అనుకున్నావు, నేను నా పనైపోయిందనుకున్నాను. ఈరోజు డాక్టరుగారు గొట్టంలో ఊదించి చూశారు. “నీళ్ళ ప్లాంటులో లీకైన క్లోరిన్ పీల్చి మూడేళ్ళయింది, ఈ దగ్గు ఇంకా పోదేం బాబూ? మొన్న అమ్మాయి ఇంటి మెట్లు కూడా ఎక్కలేకపోయాను” అన్నాను.

“దొంగ పోయినా ఇంట్లోవాళ్ళకి ఉలికిపాటు పోదు కదా పెద్దాయనా! మీ ఊపిరితిత్తులకూ అంతే. ఆ మెట్ల దగ్గర ఏమైనా ఘాటు వాసన వచ్చిందా?” అన్నారాయన.

చూశావా తల్లీ! నాన్న వస్తున్నాడని నువ్వు మెట్లన్నీ బ్లీచింగ్ పొడితో కడిగావు! అదీ క్లోరిన్ ఘాటే. నీ తప్పు కాదు, నాకే తట్టలేదు. జబ్బు పూర్తిగా పోదట, ఘాటుకు దూరంగా ఉంటే మెట్లు ఎక్కొచ్చట. ఈసారి ఉత్త నీళ్ళు చాలు. అల్లుడుగారు దోమల చుట్ట వెలిగిస్తారా? అంతస్తుకు ఎన్ని మెట్లు? నీ నడుంనొప్పి తగ్గిందా అని అమ్మ అడుగుతోంది.

వచ్చే నెల మొదటి ఆదివారం వస్తున్నాను. అల్లుడుగారు నన్ను ఎత్తుకొస్తానన్నారట, వద్దని చెప్పు. మలుపు మలుపునా కూర్చుని లేచి, నా కాళ్ళతోనే ఎక్కి బుజ్జిదాన్ని ఎత్తుకుంటాను. ముగ్గురూ నూరేళ్ళు చల్లగా ఉండండి.

నాన్న