డఫ్‌ని ఎవరూ అడగలేదు

అక్టోబర్ 3, శుక్రవారం

మా దీవిలోని వీధికుక్కల షెల్టర్‌కి కొత్త కుక్క వచ్చింది. మీగడ రంగు, ఒక కన్ను నీలం. షెల్టర్ నడిపే మిస్ వెర్నీటా చూడగానే తేల్చేసింది, ఇది వారం కూడా ఉండదు, ప్లేన్ ఎక్కేస్తుందని. స్కూల్ అయ్యాక ఇక్కడ ఫోటోలు తీసి సైట్‌లో పెట్టేది నేనే. టూరిస్టులు, కెనడా వాళ్ళు అవి చూసే పెంచుకుంటామని అడుగుతారు.

పేరు డఫ్ అని పెట్టాను. మా అమ్మమ్మ, గ్రామీ, జామపండుతో డఫ్ అనే తీపి వంటకం చేసి దాని మీద పోసే సాస్ అచ్చం ఆ రంగే.

అది వచ్చి నా బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. కాసేపయ్యాక చూసుకుంటే నా చేతులు వణకడం లేదు. ఆగస్టు తర్వాత ఇదే మొదటిసారి.

అక్టోబర్ 4

ఆగస్టు సంగతి ఇక్కడైనా రాయాలి. మమ్మీ రిసార్ట్‌లో నైట్ డ్యూటీ. ఎవడో కిటికీ జాలీ కోసి లోపలికొచ్చాడు. వాడు వెళ్ళేదాకా నేను బట్టల అల్మారాలో ఉన్నాను. వాడి చెప్పుల చప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. మమ్మీకి మాత్రం నిద్రపోయాను, ఏమీ తెలీదు అని చెప్పాను. నిజం చెబితే నైట్ డ్యూటీ మానేస్తుంది. మానేస్తే ఈ ఇల్లు ఉండదు.

అక్టోబర్ 11, శనివారం

డఫ్ ఫోటోలు పెట్టాను.

మంచి ఫోటో ఎలా తీయాలో నాకు బాగా తెలుసు. నేల మీద కూర్చోవాలి. కుక్క నోరు తెరిచి ఉండాలి, నవ్వినట్టు. ఒక చెవి నిలబడి ఒకటి వాలితే ఇంకా క్యూట్. మెడకి పూల గుడ్డ. నీలం కన్ను ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

డఫ్‌కి అన్నీ తిరగేసి చేశాను. మధ్యాహ్నం ఎండ వెనక ఉండేలా నిలబెట్టాను. పైనుంచి తీశాను. వైర్ మెష్ అడ్డం వచ్చింది, రానిచ్చాను. నీలం కన్ను గోడ వైపు. ఫోటోలో అది డఫ్ కాదు, మురికి గోనెసంచి.

అక్టోబర్ 12

ఎవరూ అడగలేదు. హమ్మయ్య.

అక్టోబర్ 25, శనివారం

డఫ్‌కి చేసినదానికి సిగ్గేసి, నల్ల కుక్కల ఫోటోలకి చాలా కష్టపడుతున్నాను. నల్ల కుక్కని ఎవరూ తీసుకోరు. చర్చిలో ఆంటీలు దయ్యం అంటారు, టూరిస్టులు నవ్వేసి పక్క కెన్నెల్‌కి పోతారు. ఫోటోలో ముఖమే కనపడదు, రెండు కళ్ళు మెరుస్తాయి అంతే. అందుకే పొద్దున్నే ఎండ ముదరకముందు తీస్తున్నాను, వెనక పసుపు దుప్పటి కట్టి. అప్పుడు కనుబొమల మీది గోధుమరంగు కూడా తెలుస్తుంది.

మన దీవి కుక్కల్ని పాట్‌కేక్‌లంటాం, గిన్నె అడుగు మాడు తిని బతుకుతాయని. మాడు పెడతాం. మాడు రంగుంటే మాత్రం వద్దంటాం.

ముసలి నల్లది, బ్రాసో, ఇవాళ టొరంటో వెళ్ళిపోయింది. మిస్ వెర్నీటా కళ్ళు తుడుచుకుంది. నన్ను కావలించుకుంది. నేను కొయ్యలా నిలబడ్డాను.

నవంబర్ 8, శనివారం

మిస్ వెర్నీటా సైట్ చూస్తూ అంది: "నీ ఫోన్‌లో తారు ముద్దలు కూడా హీరోయిన్లవుతున్నాయి. ఈ ఒక్కదానికే ఏం రోగమే పిల్లా?"

డఫ్ సరిగ్గా నిలబడదు మిస్ అన్నాను. ఆవిడ డఫ్‌ని చూసింది. అది కదలకుండా బొమ్మలా కూర్చుని ఉంది.

నవంబర్ 18

మమ్మీని అడిగాను. కుక్క కావాలని మాత్రమే, ఎందుకో చెప్పలేదు. యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటోంది. ఇంటి ఓనరమ్మ సంగతి తెలుసు కదా అంది. కోడిపిల్లని కూడా ఉంచనివ్వదు అంది. తర్వాత ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, "ఎందుకే? భయమేస్తోందా?" అంది.

లేదు అన్నాను. ఎంత త్వరగా అన్నానో.

నవంబర్ 22, శనివారం

తుఫాను వానలకి వీధుల్లోంచి చాలా కుక్కలు వచ్చాయి. కెన్నెల్స్ నిండిపోయాయి. ఎక్కువ రోజులుగా ఎవరూ అడగనివాటి కోసం వచ్చే వారం వెట్, అంటే పశువుల డాక్టర్, సూదితో వస్తాడట. వెట్ అలా వస్తే ఎందుకో ఇక్కడ ఎవరూ పైకి అనరు. ఆ వరసలో మొదటిది డఫ్.

మిస్ వెర్నీటా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఈ దీవిలో ఆ రంగు కుక్కని ఎవరూ అడక్కపోవడం నేనెన్నడూ చూళ్ళేదు," అంది. పూల గుడ్డ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆవిడకి తెలుసు. ఎప్పటినుంచి తెలుసో.

నవంబర్ 23, ఆదివారం, సాయంత్రం 4

స్నానం చేయించాను. తువ్వాలు పళ్ళతో పట్టుకుని లాగింది, ఇద్దరం బురదలో పడ్డాం, మళ్ళీ స్నానం. నేను నవ్వాను. గట్టిగా. ఎవరి నవ్వో అనుకున్నాను.

గోడ నీడలో కూర్చోబెట్టి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పిలవలేదు, బిస్కెట్ చూపించలేదు. అది నన్నే చూస్తోంది. తల కొంచెం పక్కకి వంచి, ఇంకేమీ అక్కర్లేనట్టు. ఒక్కటే తీశాను. అంత మంచి ఫోటో నేనెప్పుడూ తీయలేదు.

డిలీట్ చేద్దామని రెండుసార్లు వేలు పెట్టాను.

సైట్‌లో పెట్టేశాను.

నవంబర్ 24

నిద్ర లేచేసరికి డఫ్‌ని అడుగుతూ మెయిల్స్ నిండిపోయాయి.

నవంబర్ 25, మంగళవారం

కెనడాలోని హాలిఫాక్స్‌లో ఒకావిడకి ఇస్తున్నారు. మాడలిన్ అట, టీచర్. స్వయంగా వచ్చి తీసుకెళ్తుంది. ఆవిడ మెయిల్ మిస్ వెర్నీటా పైకి చదివింది. ఎన్నో కుక్కల్ని చూశాను, ఏదీ ఇలా అనిపించలేదు, ఇది నన్నే చూస్తోంది, నన్ను ముందే తెలిసినట్టు చూస్తోంది అని రాసింది.

నిన్ను కాదు.

అప్పుడు కెమెరా వెనక ఎవరున్నారో ఎవరూ అడగరు.

డిసెంబర్ 6, శనివారం

డఫ్ వెళ్ళింది. ఎయిర్‌పోర్టులో ఆవిడ కొత్త ప్యాంటుతో నేల మీద కూర్చుండిపోయి పిలిచింది. డఫ్ తల కొంచెం పక్కకి వంచి ఆవిడని చూసింది.

అదే చూపు.