పట్టీల బాతులు పుట్టే చోటు

కామారెడ్డి,
12 నవంబరు 2025.

చిరంజీవి అనిలకు,

గఫూర్ కాక దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ నూరున్నీసా చిన్నమ్మ క్షేమం. దోమకొండలో నువ్వు, అల్లుడు, పాప చల్లగా ఉన్నారని తలుస్తాను. నిన్ననే ఫోన్లో మాట్లాడుకున్నాం కదా, మళ్లీ ఈ కాగితం ఎందుకని నవ్వుకుంటావు. ఫోన్లోనే చెబుదామని మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లూ వానల గురించి మాట్లాడి పెట్టేశాను.

ఆదివారం ఎల్లారెడ్డిలో బస్సు మారి నాగిరెడ్డిపేటలో దిగి, పోచారం చెరువు దాకా పోయాను. మీ బాపు పోయాక అటు వెళ్లడం ఇదే మొదటిసారి. ఆగస్టు వానలకు వచ్చిన నీళ్లు ఇంకా నిండుగానే ఉన్నాయి. తల మీద రెండు నల్ల పట్టీలుండే మన పట్టీల బాతులు దిగాయి. లెక్కపెడితే పదిహేడు వచ్చాయి, మళ్లీ లెక్కపెడితే పంతొమ్మిది. నాకు లెక్క ఎప్పుడూ కుదరదు, అది మీ బాపు పని. ఆ చెరువు మీద ముప్పై ఏళ్లు అటవీ శాఖ వాచరుగా తిరిగిన మనిషి ఆయన. నేను షార్జాలో లారీ నడిపిన పంతొమ్మిదేళ్లూ చలికాలం మొదట్లో ఆయన నుంచి ఫోన్ వచ్చేది, ఈయేడు గిన్ని దిగినయి గఫూరూ అని. నా ఆరోగ్యం సంగతి ఆ తర్వాత అడిగేవాడు. ఆదివారం గట్టు మీద కూర్చుని ఎవరికి ఫోన్ చేయాలో తెలియక చాలాసేపు ఏడ్చాను.

ఇక అసలు విషయం. దసరా సెలవుల్లో ఇంటర్నెట్లో ఓయూన్ క్యాంపు పేరు కింద నువ్వు రాసిన మాటలు తీసేయాలి బిడ్డా. మా బాపుకు ఆశ పెట్టి, ఆఖరికి జవాబు కూడా ఇవ్వకుండా మోసం చేసింది, ఈమెతో ఎవరూ నేరుగా మాట్లాడుకోకండి అని రాశావు. నీ కోపం నాకు తెలుసు. కానీ ఓయూన్‌ది పెద్ద కంపెనీ కాదు. మంగోలియాలో ఒక సరస్సు ఒడ్డున నాలుగు ఉన్ని గుడారాలు, ఆమె, ఆమె భర్త. నీ మాటలు చదివి రెండు బృందాలు రామన్నాయట. ఆమె నాకు రాసింది.

ఇదంతా ఎట్లా మొదలైందో నీకు సగమే తెలుసు. ఈ బాతులు ఎండాకాలం హిమాలయాలు దాటిపోయి ఎక్కడో గుడ్లు పెడతాయని, ఆ చోటు ఒక్కసారి చూడాలని మీ బాపుకు రిటైరైన నాటి నుంచి పట్టుదల. ఇద్దరం కలిసి హైదరాబాదులో ఒక టూర్ల ఆఫీసుకు పోయాం. పన్నెండు మంది గుంపు, పది రోజుల్లో రెండువందల రకాల పక్షులు చూపిస్తాం అన్నారు. మీ బాపు నాకు గన్ని వద్దు, గీ ఒక్క పిట్టనే చాలు, ఒక్క తాన కూసుంట అన్నాడు. ఆ ఆఫీసు అబ్బాయి నవ్వాపుకోలేక నీళ్లు తాగాడు. బయటికొచ్చాక, అక్కడివాళ్లనే నేరుగా అడుగుదాం అన్నది నేను. గల్ఫులో బతికినవాణ్ణి, నాలుగు ముక్కల ఇంగ్లీషు వచ్చు, నాకేం తక్కువ అనుకున్నాను.

అట్లా వెతికితే దొరికింది ఓయూన్. ఒక్క పక్షి కోసం వస్తామంటే ఆమె నవ్వలేదు. కూర్చోవడానికి కుర్చీ వేస్తాను, ఆయన మోకాళ్లు ఎట్లా ఉన్నాయి, అన్నం తినేవాళ్లయితే బియ్యం తెప్పిస్తాను అని రాసింది. మీ బాపు చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో ఫోన్లో టైపు కొట్టేవాణ్ణి. ఈడ వరి కోసినంక మళ్లల్ల వడ్లు ఏరుకుంటయి, గాడ ఏం తింటయో అడుగు అన్నాడు. సరస్సు ఒడ్డున పొట్టి గడ్డి అని ఆమె జవాబు. ఆ బాతులు చలికాలం ఎక్కడికి పోతాయో ఆమె ఎన్నడూ చూడలేదట. మన చెరువు ఫోటో అడిగి తీసుకుంది. వాటి బతుకులో సగం ఆమెకు తెలుసు, సగం మీ బాపుకు తెలుసు. ఆ నాలుగు నెలలూ ఆయన ఎంత సంతోషంగా ఉన్నాడో నువ్వూ చూశావు. పాస్‌పోర్టు ఫోటో కోసం మీసాలకు రంగు వేసుకున్నాడు.

ఆ తర్వాత ఆమె జవాబులు ఆగిపోయాయి. నిరుడు జూన్‌లో పోదామనుకున్న ప్రయాణం పోయింది. మీ బాపు ఆమెను ఒక్క మాట అనలేదు. గామె మంచిదే అనుకున్న, పిట్టలను చదువుడే వచ్చింది గని మనిషిని చదువుడు నాకు రాలే అన్నాడు, అంతే. ఆ మాట నువ్వు విన్నావు, అందుకే నీకంత మంట. భాష తేడా వల్ల ఏదో పొరపాటు జరిగి ఉంటుంది. పోయిన మనిషి ఎట్లాగూ తిరిగి రాడు. ఆ మాటలు తీసేయి బిడ్డా, కాక అడుగుతున్నాడని తీసేయి.

పాపకు ముద్దులు. అల్లుడిని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ బాపుకు తమ్ముడిలాంటి
గఫూర్ కాక

తా.క.: కవరు అంటించి, పోస్టు డబ్బాలో వేయబోయి, ఇంటికి తెచ్చి చింపాను. పైన రాసిన పొరపాటు మాట అబద్ధం.

ఓయూన్ జవాబివ్వడం ఎన్నడూ మానలేదు. నిరుడు మార్చిలో ఆమె ఒక ఫారం పంపింది. మా దగ్గరి నుంచి ఆసుపత్రి ఒక రోజు దారి, దాచకుండా చెబుతున్నాను, ఇది నింపి పంపండి అని రాసింది. అందులో ఒక గడి ఉంది. మనిషి చనిపోతే ఎవరికి చెప్పాలి, శవాన్ని ఏం చేయాలి అని. మీ బాపుకు స్టెంటు వేసి అప్పటికి ఏడాది.

షార్జాలో నా గదిలో బీర్కూర్ మైసన్న ఉండేవాడు. నిద్రలోనే పోయాడు. కాగితాలు కుదిరి శవపెట్టె కదలడానికి నలభై ఒక్క రోజులు పట్టింది. ఆ పెట్టె వెంట వచ్చింది నేనే. వాళ్లింటి ముందు దింపితే అతని భార్య నా చేయి పట్టుకుని, లోపల ఉన్నది ఆయనే అని నువ్వు చూసినవా అన్నా అని అడిగింది. ఆ గడి చూడగానే నాకు ఆ పెట్టె కనబడింది. ఈసారి నీ ముందు దింపాలి.

ఫారం సంగతి మీ బాపుకు చెప్పలేదు. చెబితే నవ్వి, సంతకం పెట్టేవాడు. లింగం మనసు మార్చుకున్నాడని ఓయూన్‌కు నేనే రాశాను. ఆమె జవాబు ఇస్తలేదని మీ బాపుకు నేనే చెప్పాను. నువ్వు తిట్టాక కూడా ఆమె ఎక్కడా నిజం బయటపెట్టలేదు. ఆయన బిడ్డకు నువ్వే చెప్పు అని నాకు వదిలేసింది.

నిరుడు మేలో ఆమె ఒక ఫోటో పంపింది, రాలేకపోయినా లింగం గారికి చూపించండి అని. ఈ ఫిబ్రవరిలో ఆసుపత్రి మంచం మీద మీ బాపు, గామె ఏమన్న రాసిందా గఫూరూ అని అడిగాడు. నువ్వు మందులకు కిందికి పోయావు. ఫోన్ నా జేబులోనే ఉంది. రాయలేదన్నాను.

ఆమెను మీ బాపు సరిగ్గానే చదివాడు అనిలా. ఆయన చదవలేకపోయింది నన్ను.

ఆ ఫోటో ప్రింటు తీయించి ఇందులో పెట్టాను. గడ్డిలో గూడు, పక్కన తల్లి బాతు నిలబడి ఉంది. ఐదు గుడ్లున్నాయి.