చివరి పేజీలో మా ఇల్లు

ప్రియమైన అక్కకి,

"ప్రియమైన" అని రాయకుండా ఉత్తరం మొదలుపెట్టడం నాకు చేతకాదు కాబట్టి రాశాను. అంతకుమించి ఆ మాట మీద ఆశలు పెట్టుకోకు.

ఈ వారం పత్రికలో నీ 'విడ్డూరాల బుట్ట' చూశాను. విమానాశ్రయంలో మా పోయిన సామాన్ల కౌంటర్ దగ్గర, టీ పక్కన పెట్టుకుని మరీ చూశాను. పదమూడో అంతస్తుకి అంకె వెయ్యని భవనాల గురించి వేశావు, బాగుంది. మన 'ఎల్లుండి'కి ఒక్క మాట లేని భాషలున్నాయని వేశావు, అదీ బాగుంది. చంకకర్ర విమానంలో మరిచిపోయి దిగి వెళ్ళిన మనిషి ఎలా నడిచాడబ్బా అని వేశావు. అది నేను పంపిన సరుకే. దాని కిందే, చుట్టూ గీత గీసి ఇంకోటి వేశావు. నీకు గుర్తు లేకపోతే ఇదిగో, కింద రాస్తున్నాను.

"ఒక నగరంలో ఆలుమగలిద్దరు ఒకే కప్పు కింద ఉంటూ ఏడాదిగా నోరు తెరిచి మాట్లాడుకోలేదట. ఏం కావాలన్నా ఫ్రిజ్ తలుపు మీద చీటీలే. మొన్న ఆవిడకి ఒళ్ళు కాలిపోతుంటే ఆయన అంటించిన చీటీ ఇది: 'థర్మామీటరు సొరుగులో ఉంది.' తపాలా శాఖ వాళ్ళు ఈ జంటకి వెంటనే సన్మానం చెయ్యాలి!"

సన్మానం అట. శాలువా కూడా నువ్వే కప్పకపోయావా? ఎవరనుకున్నావు ఆ ఆలుమగలు? నేనూ, నీ మరిదీ.

ఇంటి గుట్టు రట్టు చెయ్యడానికి పక్కింటివాళ్ళు చాలరా, తోడబుట్టినదానివి నువ్వెందుకు? పక్క కౌంటర్ అమ్మాయి అది చదివి నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఏమైందని అడుగుతుందని భయం.

అసలు భయం అది కాదు. ఆయన ఉద్యోగం నీకు తెలుసు కదా, ఫోన్లో కస్టమర్లతో ఎలా మాట్లాడాలో కొత్తవాళ్ళకి నేర్పడం. పాఠం మొదలుపెట్టేముందు అందర్నీ నవ్వించడానికి ప్రతివారం నీ పేజీలోంచే ఏదో ఒకటి కత్తిరించుకుని పట్టుకెళతాడు. ఇంటికొచ్చిన పత్రిక నేను పరుపు కింద దాచాను. ఆయన కంట పడిందంటే ఆ కాస్త చీటీల కాపురం కూడా ఉండదు. ఏం చేస్తావో నీ ఇష్టం.

ప్రస్తుతానికి నీ చెల్లెలు

*

ప్రియమైన పిడుగుకి,

ముందు నన్ను తిట్టడం అయిందా? ఇక నా వంతు.

నీ పాత ఉత్తరం తీసి మళ్ళీ చదివాను. "ఇక్కడ ఒక ఇంట్లో" అని రాశావు. చంకకర్రకీ, కట్టుడుపళ్ళ సెట్టుకీ మధ్య రాశావు. ఇన్నేళ్ళుగా నువ్వు ఉత్తరం పంపడం, నేను కత్తెర పట్టుకుని కూర్చోవడం మనకి అలవాటే కదా. కబుర్లన్నీ ఒక్క సంచిలో పోసి పంపి, ఇందులో ఒకటి మాత్రం నా ఏడుపు, ఏదో నువ్వే కనుక్కో అంటే ఎలాగే? నా దగ్గరున్నది కత్తెర. దివ్యదృష్టి కాదు.

ఆ సన్మానం మాట మాత్రం నాదే. రాసిన రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను. మీ బావగారికి చదివి వినిపించి ఆయన్నీ నవ్వించాను. ఇప్పుడు తలుచుకుంటే ముద్ద దిగడం లేదు.

అది అలా ఉంచు. ఏడాదా? ఒళ్ళు కాలిపోతుంటే థర్మామీటరు సొరుగులో ఉందా? నుదుటి మీద చెయ్యి వేసి చూస్తే ఆయన సొమ్మేం పోయింది? నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆ మహానుభావుడి మీద ఎంతో, నీ మీద అంతే. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చుని, ఆయన బాగున్నాడు, నేను బాగున్నానని ఏం నటించావే. వచ్చే ఆదివారం నేనే బయల్దేరి వస్తాను. మరిదిని కూర్చోబెట్టి నాలుగు దులిపితే గానీ నాకు నిద్ర పట్టదు.

అది కల్పితమని వచ్చే వారం దిద్దుబాటు వేయించమంటే వేయిస్తాను. చెప్పు.

మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నువ్వు రావద్దు. వస్తే నేను డ్యూటీ వేయించుకుని కౌంటర్లోనే ఉండిపోతాను. దిద్దుబాటు కూడా వద్దు. కల్పితం అని అచ్చులో చూసుకుంటే పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది.

"ఒక ఇంట్లో" అని రాశాను, నిజమే. "మా ఇంట్లో" అని రాయడానికి చెయ్యి రాలేదు. అయినా నువ్వు కనిపెడతావనుకున్నాను. చిన్నప్పుడు నేను గుమ్మంలో చెప్పులు విడిచే తీరు చూసే, బళ్ళో ఏమైందే అని అడిగేదానివి. ఆ మనిషివి ఏమైపోయావు? నాకు కోపం అక్కడుంది. అచ్చు వేశావని కాదు.

ఇది ఎలా మొదలైందో చెబుతాను. నాకు రాత్రి డ్యూటీలు పడ్డప్పుడు, నేను వచ్చేసరికి ఆయన వెళ్ళిపోయేవాడు. అప్పటి చీటీలు నువ్వు చూడాలి. కూరలో ఉప్పు మరిచిపోయాను, తిట్టుకుంటూ తిను అని ఒకటి. నీ దుప్పటి నేను కప్పుకుని పడుకున్నాను, వెచ్చగా ఉంది అని ఒకటి. డ్యూటీలో వాటిని తలుచుకుని నవ్వుకునేదాన్ని. తర్వాత నాకు పగటి డ్యూటీ వచ్చింది. ఇద్దరం సాయంత్రానికి ఇల్లు చేరుతున్నాం. చీటీలు మాత్రం ఆగలేదు, వాటిలోని కబుర్లు ఆగిపోయాయి. గ్యాస్ అయిపోయింది, కరెంటు బిల్లు కట్టాను, ఇవే.

ఒకరోజు ఆయన గదిలోకి వెళ్ళి ఏదో చెప్పబోయాను. చెవుల్లో పెట్టుకున్న ఇయర్‌ఫోన్లలో ఒకటి తీసి, "ఫ్రిజ్ మీద పెట్టు, చూస్తాను" అన్నాడు. నాకు తిక్కరేగింది. చూద్దాం, ఎవరు ముందు నోరు తెరుస్తారో అని బిగుసుకున్నాను. ఆయనా బిగుసుకున్నాడు. చుట్టాలొస్తే మాత్రం చూడాలి, ఎంత మాటకారో. వాళ్ళ ముందు నాతోనూ మాట్లాడతాడు. తలుపు వెయ్యగానే కట్.

మొదట ఆయన చదువుతాడేమోనని భయపడ్డాను కదా. రాత్రంతా ఆలోచించాక ఒక పాడు ఆశ పుట్టింది. చదవనీ. సిగ్గుపడనీ, ఎగిరిపడనీ, మీ అక్క అంతు చూస్తానని అననీ. ఏదైనా నోటితోనే అనాలి కదా. ఒక్క తిట్టు తిట్టినా చాలు, అక్కడినుంచి నేను అందుకుంటాను. పత్రిక పరుపు కింద నుంచి తీసి, చివరి పేజీ పైకి కనపడేలా బల్ల మీద పెట్టాను.

పిడుగు

*

ప్రియమైన మొండిదానికి,

పత్రిక బల్ల మీద పెట్టానని రాసి, ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేస్తే ఎత్తవు. ఏం జరిగిందో చెప్పకుండా మనిషిని ఇలా వేపుకు తినడం ఎక్కడ నేర్చుకున్నావు? ఆ ఇంట్లోనే నేర్చుకుని ఉంటావు.

ఇక్కడ సంగతి విను. ఆ నాలుగు వాక్యాలకి ఉత్తరాలు కుప్పలుగా వస్తున్నాయి. మా ఇంటి సంగతి మీకెవరు చేరవేశారని ఒక దర్జీ నిలదీశాడు. మా పనిమనిషే చెప్పి ఉంటుందని ఒకావిడ తీర్మానించేసింది. ఒక బడి పంతులైతే, మాది ఫ్రిజ్ కాదు, గోడమీది క్యాలెండరు, దయచేసి సవరించండి అని రాశాడు. మా ఎడిటరు మురిసిపోతున్నాడు. నేను విడ్డూరం అనుకున్నది ఇంతమంది ఇళ్ళలో ఉంటే ఇక అది విడ్డూరం ఎలా అవుతుందే? గుమ్మడికాయల దొంగ అంటే ఊరంతా భుజాలు తడుముకుంటోంది. నీ మొగుడు తడుముకున్నాడా లేదా? అది చెప్పు.

ఈ వారంలో జవాబు రాకపోతే నువ్వు వద్దన్నా బండెక్కుతాను.

కడుపు మండుతున్న మీ అక్క

*

ప్రియమైన అక్కకి,

తడుముకోలేదు.

పత్రిక బల్ల మీద పెట్టిన రోజే తీసుకున్నాడు. నేను వంటింట్లో ఉండి చెవులు రిక్కించాను. కత్తెర చప్పుడు వినపడింది. మర్నాడు ఆ ముక్క పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాడు. ఆ రోజు కౌంటర్లో ఎవరిదో కళ్ళజోడు ఇంకెవరికో ఇచ్చి తిట్లు తిన్నాను.

సాయంత్రం నేను వచ్చేసరికి ఆ ముక్క ఫ్రిజ్ మీద అంటించి ఉంది. కింద చీటీ. "మీ అక్క ఈసారి భలే రాసింది. క్లాసులో పడీ పడీ నవ్వారు. చదువు."

వెటకారం అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, సంతోషించాను కూడా. పోనీలే, దెప్పడానికైనా తెలిసింది కదా అని. భుజాన ఉన్న సంచి తియ్యకుండానే గదిలోకి వెళ్ళి, ఆయన చెవుల్లోవి నా చేత్తో తీసి, ఆ ముక్క ముందు పెట్టి చెప్పాను, ఇది మనమే అని.

మళ్ళీ చదివాడు. శ్రద్ధగా చదివాడక్కా, ఎక్కడ కలుస్తుందా అని వెతుకుతున్నట్టు. చదివి తలెత్తి అన్నాడు, "మనకేం? మనం బాగానే ఉన్నాం కదా. నువ్వు ఏదడిగినా నేను జవాబు రాయకుండా ఉన్నానా?"

నటన కాదు. నటనైతే పట్టుకునేదాన్ని. ఆ ముఖంలో అబద్ధం లేదు. ఏడాదిగా నేను పంతం పట్టి యుద్ధం చేస్తున్నాననుకున్నాను. అవతల ఎవరూ లేరు.

అప్పుడు అరిచాను. జ్వరం దగ్గర్నుంచి మొదలుపెట్టి, తిన్నావా అని ఒక్కసారైనా అడగని రోజులన్నీ అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. ఆయన అడ్డు రాలేదు. చేతులు కట్టుకుని అంతా విని, నేను ఆగాక, క్లాసులో వాళ్ళకి నేర్పే గొంతుతో, మెల్లగా అన్నాడు, "నీ ఇబ్బంది నాకు పూర్తిగా అర్థమైంది."

కోపంగా ఉన్న కస్టమర్‌కి చెప్పాల్సిన మొదటి మాట అదేనట. పెళ్ళైన కొత్తలో ఆయనే నాకు చెప్పాడు.

బట్టలు సర్దుకున్నాను. వెళుతున్నానని ఎదురుగా నిలబడి చెప్పాను. ఎప్పుడొస్తావని అడిగాడు. ఏడాదిలో జవాబు కోసం నన్ను నోటితో అడిగిన మొదటి ప్రశ్న అది. జవాబు చెప్పాలని నాలిక దాకా వచ్చింది. చెప్పకుండా వచ్చేశాను.

పక్క కౌంటర్ అమ్మాయి గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఆదివారం పొద్దున బండికి వస్తాను. ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే స్టేషన్‌కి నువ్వే రా, బావగారిని పంపకు. నీ మీద కోపం పోయిందనుకోకు, అలాగే ఉంది. ఇంటికెళ్ళి తలుపేసుకుని, ఎదురెదురుగా కూర్చుని, నోళ్ళు నొప్పి పుట్టేదాకా దెబ్బలాడుకుందాం.

నీ చెల్లెలు