డాక్టరమ్మగారి భర్త శౌరయ్య వీలునామా

విజయవాడ భవానీపురంలో కాపురముంటున్న గుమ్మడి శౌరయ్య అనే నేను, కీర్తిశేషులు ఇన్నయ్యగారి కుమారుణ్ణి, కొండపల్లి థర్మల్ స్టేషన్‌లో ఇంజనీరుగా చేసి రిటైరైనవాణ్ణి, డెబ్బయి నాలుగేళ్ల వయసులో, మతి స్థిమితంగా ఉండగా, పక్కన కూర్చుని ఎవరూ చెప్పకుండా, నా అంతట నేను, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి సరిగ్గానే ఉందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ దీనికి జతపరిచాను. అది నా భార్య పనిచేసిన ఆస్పత్రిలో తీసుకోలేదు, గుంటూరు వెళ్లి తెచ్చుకున్నాను. ఈ ఊళ్లో ఆవిడ పేరెత్తకుండా నా నాడి చూసే డాక్టరు ఒక్కడూ లేడు.

1. ఆస్తి వివరం. భవానీపురంలో ఉన్న, కింది వాటా, పై వాటా కలిగిన ఈ ఇల్లు నా స్వార్జితం. నా ప్రావిడెంట్ ఫండ్‌తో కట్టించాను. దీనిమీద ఇంకెవరికీ హక్కు లేదు. ఈ సంగతి ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానంటే, ఆటోవాళ్ల దగ్గర్నుంచి పాలవాడి దాకా దీన్ని డాక్టరమ్మగారి ఇల్లనే అంటారు. ఎండలో గొడుగేసుకుని పునాది దగ్గర నిలబడింది నేను. గృహప్రవేశం ప్రార్థన సగమయ్యాక ఆవిడ వచ్చింది. వచ్చి, ఫాదర్‌గారి వెనక నిలబడ్డ మేస్త్రీని చూసి, "ఈ ఆయాసం ఎన్నాళ్ల నుంచండీ?" అని అడిగింది. మేస్త్రీని ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్చారు. చుట్టాలకు భోజనాలు నేను వడ్డించాను.

2. నా భార్య సంగతి. డాక్టర్ హెప్సిబా రెండేళ్ల కిందట ప్రభువులో నిద్రించింది. పామర్రులో కూలి పనులు చేసుకునే ఆమోసుగారి కూతురు. ఆవిడ ఇంటర్మీడియట్ చదివేటప్పుడు ఆమోసుగారికి గుండెనొప్పి వస్తే విజయవాడ బస్సెక్కించారు. బస్సు ఉయ్యూరు దాటకముందే కూతురి ఒళ్లో పోయారు. అప్పుడు మొదలైంది ఆవిడ చదువు, గుండె డాక్టరయ్యేదాకా ఆగలేదు. పల్లెల నుంచి వచ్చిన ప్రతి ముసలాయనలోనూ ఆవిడకు ఆ బస్సులోని తండ్రే కనిపించేవాడు. నేను చూసి కూడా ఎరగని మామగారంటే నాకు పెళ్లైన కొత్తలోనే అసూయ పుట్టింది. చిత్తుప్రతి చూసి, "నాన్నా, అసూయ అని రాయొద్దు, బెంగ అని రాసుకోండి" అంది మా అమ్మాయి. వీలునామాలో అబద్ధం రాయకూడదు. అసూయే.

3. ఏలూరులో బ్యాంకు ఆఫీసరుగా ఉన్న నా ఏకైక కుమార్తె వినీలకు, ఇంటి పై వాటా, వాళ్లమ్మ బంగారం, బీరువా, అందులోని చీరలు నా తదనంతరం సర్వహక్కులతో దఖలు పడాలి. చీరల్లో సగం మడతలు కూడా విప్పనివి. కట్టుకుని ఎక్కడికైనా వెళదామని నేను కొన్నవే.

వినీలకు స్టెతస్కోపు కూడా ఇస్తున్నాను. ఆస్పత్రివాళ్లు అద్దాల పెట్టెలో పెడతామని మనిషి మీద మనిషిని పంపారు. ఇవ్వను. దానికి కారణముంది. వినీలకు సంబంధం కుదిరినప్పుడు, పెళ్లివారు ఏ ఆదివారం రమ్మంటారో చెప్పమన్నారు. ఆ ఒక్క మాట హెప్సిబాను అడగడానికి ఇంట్లో వీలు చిక్కలేదు. చివరికి ఆస్పత్రికి పోయి, ఓపీ చీటీ రాయించుకుని, బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న రైతు, "మీకేం బాధండీ?" అన్నాడు. "ఇంట్లో బాధండీ" అన్నాను. నా వంతు వచ్చి లోపలికెళితే, ఆవిడ తలెత్తకుండానే, "చొక్కా గుండీలు తీసి పడుకోండి" అంది. తీసి పడుకున్నాను. స్టెత్ ఆనించాక నా ముఖం చూసింది. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నది. నర్సు తలుపు తట్టినా కదల్లేదు. ఆ తర్వాత, "గుండె బాగుందండీ. ఇప్పుడు చెప్పండి, ఏమైంది?" అంది. చెప్పాను. "మూడో ఆదివారం రమ్మనండి" అంది.

మూడో ఆదివారం పెళ్లివారు చేతులు కడుక్కుంటుండగా వచ్చింది. అయినా ఆ స్టెత్ ఒకరోజు నాకోసం అంతసేపు ఆగింది కాబట్టి, అది ఇంట్లోనే ఉండాలి.

4. నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్. ఇది మొవ్వలో ఉంటున్న కనకలక్ష్మిగారికి చెందాలి. నేను రిటైరయ్యాక వంట నేర్చుకున్నాను. రోజూ హెప్సిబాకని ఈ క్యారియర్‌లో అన్నం, పప్పు, కూర, మజ్జిగ సర్ది, స్కూటర్ మీద తీసుకెళ్లి ఆస్పత్రి రిసెప్షన్‌లో ఇచ్చేవాణ్ణి. అక్కణ్ణుంచి లోపలికి పోనిచ్చేవాళ్లు కాదు. సాయంత్రానికి గిన్నెలు ఖాళీగా, శుభ్రంగా కడిగి వచ్చేవి. ఆవిడకు నా వంట నచ్చిందని ఎంతో సంబరపడ్డాను. హెప్సిబా సమాధి కార్యక్రమం నాడు ఈ కనకలక్ష్మిగారు నా దగ్గరికి వచ్చి, చేతులు పట్టుకుని ఏడ్చి, "మా ఆయన ఐసీయూలో ఉన్నన్నాళ్లూ మీ చేతి అన్నమే తిన్నానండీ. డాక్టరమ్మగారు తను క్యాంటీన్‌లో ఇడ్లీ తెప్పించుకుని, క్యారియర్ నాకిచ్చేవారు. నాకు ముందు ఇంకెవరికో ఇచ్చేవారంట" అంది. వెళ్తూ వెళ్తూ, "గోంగూర పప్పులో ఉప్పు మాత్రం కాస్త తక్కువండీ" అంది. గుండెకు మంచిదని ఉప్పు తగ్గించమన్నది హెప్సిబాయే.

క్యారియర్ కనకలక్ష్మిగారే ఉంచుకోవాలి. ఇన్నేళ్లూ ఎవరికోసం వండానో తెలిశాక ఆ గిన్నెలు నా వంటింట్లో చూడలేకపోతున్నాను.

5. కొండపల్లి బొమ్మలు. జక్కయ్య అనే ఆయన కొండపల్లిలో బొమ్మలు చేస్తాడు. హెప్సిబా ఆయన గుండెకు స్టెంటు వేసింది. అప్పట్నుంచి ఏటా క్రిస్మస్‌కు ఒక బొమ్మ పట్టుకొచ్చేవాడు. అంబారీ ఏనుగులు, ఎడ్లబండ్లు, తాడిచెట్టెక్కే మనిషి. వాటికి చోటు కోసం ఆవిడ మా పెళ్లి ఫొటోను హాల్లోంచి తీసి పడకగదిలో పెట్టింది. ఆ బొమ్మలన్నీ జక్కయ్యకు తిరిగి ఇచ్చేయాలి, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటీ ఆవిడ బొమ్మ. తెల్లకోటు, మెడలో స్టెత్, జానెడు ఎత్తు. ఎదుటివాళ్లు చెప్పేది వింటున్నప్పుడు హెప్సిబా మెడ ఎడమవైపుకు కాస్త వాలేది. అది నాకొక్కడికే తెలుసనుకున్నాను. జక్కయ్య దాన్ని కర్రలో చెక్కేశాడు. అది చూసిన రోజు నేను అన్నం సరిగ్గా తినలేదు. ఒక పేషెంటు నా భార్యను అంత పరీక్షగా ఎప్పుడు చూశాడు? నేను పోయాక ఆ బొమ్మను నా పెట్టెలో, నా పక్కన ఉంచి పాతిపెట్టాలి. జక్కయ్య వచ్చి అడిగినా ఇవ్వకూడదు.

6. ఆస్పత్రికి. సంతాప సభకని ఫొటో అడిగితే, కూచిపూడిలో పెళ్లికి వెళ్లినప్పుడు తీసిన మా ఇద్దరి ఫొటో ఇచ్చాను. ఇద్దరం కలిసి వెళ్లినవి కొన్నే, ఫొటోలు ఇంకా తక్కువ. వాళ్లు నన్ను కత్తిరించేసి, ఆవిడ వరకు పెద్దది చేసి, ఆస్పత్రి హాల్లో పూలదండ వేశారు. నా చెయ్యి మాత్రం ఆవిడ భుజం మీద మిగిలిపోయింది. ఎవరి చెయ్యో ఎవరికీ తెలియదు. ఆ ఫొటో పూర్తి ప్రతి ఒకటి ఫ్రేము కట్టించి ఉంచాను. దాన్నిస్తున్నాను. పాతది తీసేసి ఇది పెడితేనే ఇవ్వాలి, లేకపోతే వినీల వెనక్కి తెచ్చుకోవాలి.

7. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత వినీలది. సాక్షులిద్దరినీ విచారించి ఎంచుకున్నాను. వాళ్లకు గాని, వాళ్ల ఇళ్లలో గాని గుండెజబ్బు లేదు. నా భార్య దగ్గర ఎన్నడూ చూపించుకోలేదు. ఈ వీధిలో అలాంటివాళ్లు దొరకడం కష్టమైంది.

8. కింది వాటా. అందరూ దేనికోసం ఎదురుచూస్తున్నారో అది ఇక్కడ రాస్తున్నాను.

డాక్టర్ జయంత్ గారు నా భార్య శిష్యుడు. పన్నెండేళ్లు ఆవిడ పక్కన నిలబడి పని నేర్చుకున్నాడు. ఆవిడ మాట, ఆవిడ చిరాకు, ఆవిడ నవ్వు, పగలంతా అన్నీ ఆయనవే. ఇంటికి వచ్చేటప్పటికి నాకు అలసట మిగిలేది. ఆవిడకు క్యాన్సరని తేలి, పని మానేసి, ఇంట్లో మంచాన పడ్డప్పుడు, చెప్పడానికి నోరు రావడం లేదు గాని, ఇన్నాళ్లకు నాకు దొరికిందనుకున్నాను. గేటుకు తాళం వేశాను. చూడ్డానికి వచ్చినవాళ్లను వచ్చినట్టే పంపేశాను. జయంత్‌ను మాత్రం ఆపలేకపోయాను. రోజూ వచ్చి, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని, కేసులు చెప్పేవాడు. ఆయన మాట్లాడుతుంటే ఆవిడ దిండుకు ఆనుకుని లేచి కూర్చునేది. నేను జావ తాగమంటే మాత్రం ఓపిక లేదనేది.

ఒకనాడు నేను కాఫీ పట్టుకుని వస్తుంటే ఆయనతో అంటోంది, "అవనిగడ్డ, మొవ్వ వాళ్లు మనదాకా వచ్చేసరికే ఆలస్యమైపోతోంది జయంత్. వాళ్లకు చవగ్గా చూసే క్లినిక్ ఒకటి పెట్టు. మా కింది వాటా ఖాళీయేగా, అక్కడ పెట్టుకో." నేను గుమ్మంలోనే ఉన్నాను. ఇల్లు నాది. కాఫీ బల్ల మీద పెట్టి వచ్చేశాను.

ఆవిడ పోయాక జయంత్ గారు రెండుసార్లు వచ్చి ఆ సంగతి ఎత్తారు. పేషెంట్లు కూడా పదిమంది కలిసి వచ్చారు. "మేడం కోరికండీ" అన్నారు. నేను ఒప్పుకోలేదు. బతికున్నప్పుడు ఆవిడను తీసుకున్నారు, ఇప్పుడు ఆవిడ తిరిగిన నేల కూడా కావాలా అనిపించింది.

మొన్న వేసవిలో పై ఫొటో సంగతి మాట్లాడదామని సాయంత్రం పూట ఆస్పత్రికి వెళ్లాను. కార్లు పెట్టే చోట జయంత్ గారి భార్య రుచిత కనిపించింది. కారులో, ఒళ్లో కేకు పెట్టె పెట్టుకుని కూర్చుంది. వెనక సీట్లో కొత్త గౌను వేసుకున్న పాప.

"ఎవరికోసం తల్లీ?" అన్నాను.

"ఆయనకోసమేనండి. పాప పుట్టినరోజు. ఐదింటికి కిందికి వస్తానన్నారు."

"టైమెంతయింది?"

"చూసుకోవడం మానేశానండి" అంది.

నేనూ వాళ్లతో కూర్చున్నాను. పాప నిద్రపోయింది. కేకు మీది క్రీము కరిగి అట్టపెట్టె తడిసింది. జయంత్ గారు వచ్చేసరికి లైట్లు వెలిగాయి. మనిషి చెమటతో తడిసిపోయి, ముఖం మాత్రం వెలిగిపోతూ వచ్చాడు. ఆ అమ్మాయి మొదట అడిగిన మాట, "బతికాడా?" అని. "బతికాడు" అన్నాడు. అప్పుడు ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. బతికాడో లేదో తెలిసేదాకా కోపం తెచ్చుకోవడానికి కూడా మనకు వీలుండదు. నేను చేసిందీ ఇన్నేళ్లూ అదే. నా బాధ ఇంకెవరికి తెలుస్తుందిలే అని ఇంతకాలం అనుకున్నాను, అది తెలిసిన మనిషి ఆ కారులో ఉంది.

కాబట్టి ఈ ఇంటి కింది వాటాను డాక్టర్ జయంత్ గారికి ఇవ్వడం లేదు. ఆయన భార్య రుచితకు, ఆమె ఒక్కదానికే, దాన విక్రయాది సర్వహక్కులతో ఇస్తున్నాను. "మీ ఇష్టం నాన్నా, అమ్మ దగ్గర కూర్చోడానికి నేనూ చీటీ రాయించుకున్నదాన్నే" అని వినీల సమ్మతించింది, ఈ కాగితం మీద సంతకం కూడా చేస్తుంది.

అక్కడ క్లినిక్ పెట్టుకోవచ్చు. హెప్సిబా పేరు పెట్టుకోవచ్చు. ఆస్పత్రిలో ఎప్పుడూ ఆవిడ పుట్టింటి పేరే రాసేవాళ్లు, ఈ బోర్డు మీద మాత్రం గుమ్మడి హెప్సిబా అని ఉండాలి. తాళంచెవి ఒక్కటే ఉండాలి, అది రుచిత దగ్గర ఉండాలి. సాయంత్రం ఆమె తాళం వేశాక డాక్టరుగారు ఇంటికి వెళ్లి, భార్యాబిడ్డలతో కూర్చుని అన్నం తినాలి. వేళకాని వేళ ఎవరైనా గుండె పట్టుకుని వచ్చి గేటు తడితే, డాక్టరుగారు ముందు రుచితను అడగాలి. తీయాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. తీస్తుందనే నా నమ్మకం. అడిగి ఉంటే నేనూ ప్రతిసారీ తీసేవాణ్ణే. నన్నెవరూ అడగలేదు.

పైన రాసినదంతా నేను చదువుకుని, సరిగ్గా ఉందని తేల్చుకుని, కింది సాక్షుల కళ్లెదుట సంతకం చేస్తున్నాను.

భవానీపురం, విజయవాడ
2025 జులై 14, సోమవారం

(సం.) గుమ్మడి శౌరయ్య
డాక్టర్ గుమ్మడి హెప్సిబా భర్త

సమ్మతి: (సం.) వినీల, కుమార్తె

సాక్షులు:
1. (సం.) యేసుబాబు, రిటైర్డ్ ఫోర్‌మన్, భవానీపురం
2. (సం.) డయానా, స్కూలు టీచరు, భవానీపురం