నీ పేరున వచ్చిన కవరు

అక్కకి,

శీనుని, నమస్కారం పెట్టి రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. నీ ఒంట్లో ఎలా ఉంది? పాప బడికి పోతోందా? అత్తకి మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతాడు, అందుకే కాగితం మీద రాస్తున్నాను. ఇంటికి కాకుండా పేటలో నువ్వు కుట్టుపనికి పోయే రమణమ్మ పిన్ని కొట్టుకి పంపుతున్నాను. నీ చేతికే ఇస్తానని పిన్ని మాటిచ్చింది.

బెంగళూరు వచ్చి మూడు నెలలైంది. రోజూ సన్న తుంపర, బట్టలు ఆరవు. సాంబారులో బెల్లం వేస్తారు, నోటికి ఎక్కదు. వీలైతే కాస్త గోంగూర పచ్చడి పంపు. గదిలో నలుగురం ఉంటాం గానీ ఎవరి భాష వాళ్లది. నా గురించి దిగులు పడొద్దు, తింటున్నాను, బాగానే ఉన్నాను.

పని కొరియర్‌లో. ఇది నాలుగోది, నవ్వకు, ఇది మాత్రం మానను. బ్యాంకుల నుంచి వచ్చే ఏటీఎం కార్డులు ఇంటింటికీ ఇస్తాను. కవరు మీద ఎవరి పేరుంటే వాళ్ల చేతికే ఇవ్వాలి, మొగుడికైనా సరే ఇవ్వకూడదు. మొన్న ఒకాయన, మన మాచర్ల వైపు మనిషే, తలుపులో నిలబడి గొడవకి దిగాడు.

"నా పెళ్లాం కార్డు నాకియ్యడానికి ఏందయ్యా నీ నొప్పి?"

"ఆమెని పిలవండి సార్. లేకపోతే వెనక్కి తీసుకుపోతా."

అనేసి కిందికి దిగాను. ఆ మాట నీ విషయంలో నాకెందుకు రాలేదు అక్కా?

నీ బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు బావ ఫోన్ నెంబరు ఇచ్చింది నేనే. మనవైపు ఆడవాళ్ల ఖాతాలన్నిటికీ అంతేగా, నేనేమీ ఆలోచించలేదు. ఆ రోజు బావ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, నీ కార్డు మీద పేటలో ఏదో నెట్ సెంటర్‌లో డబ్బులు పోయాయని. "ఏందిరా ఇది? మీ అక్క గీకలేదంట, నేను గీకలా" అని నాకు చూపించాడు. చదువు లేకపోయినా ఫోన్‌లో అన్నీ చూసినవాణ్ణి కదా, "దొంగలు బావా, మూడు రోజుల్లో చెబితే బ్యాంకోళ్లే కట్టాల" అన్నాను. నువ్వు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నావు. "పోతే పోనియ్యిరా" అన్నావు. రెండుసార్లు అన్నావు. నేను వినలేదు.

బ్యాంకులో మేడమ్ మంచిగానే చెప్పింది. "మీరిద్దరూ బయట కూర్చోండి, ఆమెతో ఒక్క మాట మాట్లాడాల."

"ఏం మాట్లాడినా మా ముందే మాట్లాడండి మేడమ్. ఆమెకేం తెలవదు" అన్నాను నేను.

"ఖాతా ఆమెది కదా బాబూ."

డబ్బు ఎగ్గొట్టడానికి నీ చేత ఏదో ఒప్పించుకుంటారని నా అనుమానం. హాల్లో అందరూ చూసేలా అరిచాను. ఆమె నీ వంక చూసి అడిగింది, "మీరు వాడారా అమ్మా?" బావ ఒక పక్క, నేను ఒక పక్క. నువ్వు లేదని తలూపి సంతకం పెట్టావు. ఆమె మమ్మల్ని బయటికి పంపి ఉంటే నిజం చెప్పేదానివేమో.

విచారణ తేలేదాకా అని బ్యాంకు డబ్బు తిరిగి వేసింది. బావ ముందు కాలరెగరేశాను. తర్వాత నీ పేరున కవరు వచ్చింది. నేనే చించాను. ఇంగ్లీషులో ఉంటే ఫోన్‌తో తెలుగులోకి మార్చి వాకిట్లో పెద్దగా చదివాను. కార్డు పెట్టి, పిన్ నెంబరు కొట్టి కట్టారు, కాబట్టి బ్యాంకు బాధ్యత లేదు, డబ్బు వెనక్కి తీసుకుంటున్నాం అని. కింద రసీదు. ఓపెన్ స్కూలు పదో తరగతి పరీక్ష ఫీజు. దాని మీద నీ పేరు, నీ ఫొటో.

"పది రాసి కలెక్టరువి అవుతావా ఏమే?" అన్నాడు బావ. అత్త నవ్వింది. కార్డు బావ జేబులోకి పోయింది, పరీక్షల రోజున నిన్ను పేట పోనివ్వలేదు. నువ్వు నాతో ఒక్కటే అన్నావు, "కవరు నా పేరునే వచ్చింది కదరా."

నేను బడి ఎగ్గొట్టి మానేశాను. నీ చేత తొమ్మిదిలో మాన్పించారు. నీ కుట్టుపని డబ్బుతో నువ్వు కట్టుకున్న ఫీజుని దొంగతనం అని రాయించింది నేను. పుస్తకాలు ఏం చేశావో అడగాలంటే భయంగా ఉంది.

ఇక్కడ ఒక బ్యాంకులో కనుక్కున్నాను. ఫిర్యాదు మూసేశాక నీ మీద కేసూ గీసూ ఏమీ ఉండదంట, భయపడకు. ఆధార్ తీసుకుని నువ్వే పోతే మెసేజ్‌లొచ్చే నెంబరు మారుస్తారు, కొత్త కార్డు కూడా ఇస్తారు. పిన్ని కొట్లో నీ పేరున ఒక సిమ్ పెట్టుకోవచ్చు. మళ్లీ పరీక్ష రాయమని చెప్పే మొహం నాకు లేదు. నీకు బుద్ధి పుడితేనే పో. ఆ మేడమ్ ఇంకా అక్కడే ఉంటే ఆమెనే అడుగు.

పిన్నికి నమస్కారాలు చెప్పు, పాపకి ముద్దులు. బావకీ అత్తకీ ఫోన్‌లో నేనే చెప్పుకుంటాను, ఈ ఉత్తరం సంగతి వాళ్లకి వద్దు. ఎప్పుడూ నీ దీవెన అడిగేవాణ్ణి, ఈసారి నోరు రావడం లేదు. జవాబు రాయకపోయినా ఏమీ అనుకోను.

బ్యాంకుకి పోతే మాత్రం ఒక్కదానివే పో అక్కా. నన్ను పిలవకు. పిలిచినా నేను రాను.

నీ తమ్ముడు,
శీను